ఎనభై కార్డులు, ఒక పచ్చ పొట్లి

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం అరవై ఏళ్ళు నిండాలనీ, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉండాలనీ మనలో ఒక నియమం ఉన్నట్టుంది. ఆ నియమానికి ఆధారం ఏమిటని అడిగితే ఎవరూ చెప్పరు. నాకు ముప్పై రెండే. అయినా నాకూ ఒక ‘ఆ రోజుల్లో’ ఉంది. అమీర్‌పేట మీదుగా మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజులవి. రోడ్డు మీద నిలబడ్డ జనమంతా తలెత్తి రైలును చూసేవాళ్ళు, రైల్లో జనమంతా తల వంచి రోడ్డును చూసేవాళ్ళు. ఆ రెండూ చూడకుండా, ఎదురుగా ఉన్న మనిషి ఆలోచనలో తప్పెక్కడుందా అని మాత్రమే చూస్తూ నడిచే ఇరవై నాలుగేళ్ళ యువకుడు ఆ పేట మొత్తంలో ఒక్కడుండేవాడు. వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు కొంచెం భయం, కొంచెం నవ్వు వస్తాయి. ఈ కథ వాడిదే.

మధురానగర్‌లో ఒక హాస్టల్లో గదికి అయిదుగురం ఉండేవాళ్ళం. మైత్రీవనంలో పొద్దున ఏడు గంటలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ క్లాసు, తొమ్మిదికల్లా అయిపోయేది. ఆ తర్వాత రోజంతా ఖాళీ. ఖాళీగా కూర్చోవడం నా ఒంటికి పడేది కాదు. కూర్చుంటే కాలు ఊగేది, కాలు ఊగితే మంచం ఊగేది, మంచం ఊగితే దాని పైఅంతస్తులో పడుకున్న భీమవరం కుర్రాడు లేచి కూర్చునేవాడు. (అతను రోజుకోసారి తన రెజ్యూమె దిద్దుకునేవాడు కాబట్టి అందరం అతన్ని రెజ్యూమె అనే పిలిచేవాళ్ళం.) ఎవరేమన్నా నేను రుజువు అడుగుతానని అతను నాకు ‘సాక్ష్యం’ అని పేరు పెట్టాడు. “సాక్ష్యం గారూ, కుళాయిలో నీళ్ళు రావట్లేదండి. నమ్ముతారా, బకెట్టు తెచ్చి చూపించమంటారా?” అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. బిరుదు ఇచ్చినట్టుండేది.

ఆ రుజువుల పిచ్చి నాకు ఊరికే రాలేదు. మా హాస్టల్‌కు రెండు వీధుల అవతల ఒక బడి గదిలో ప్రతి ఆదివారం మా హేతువాద సభ జరిగేది. రిటైరైన లెక్చరర్ ఒకాయన దాన్ని నడిపేవాడు. మేమంతా ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం. అక్కడ కులం మీద, జాతకాల మీద, బాబాల మీద, ముహూర్తాల మీద చర్చలు నిప్పులు కురిసేట్టు సాగేవి. సభకు ఒకటే నియమం. ఎవరు ఏ మాటన్నా ఎదుటివాడు “ఎట్ల తెలుసు?” అని అడిగి తీరాలి. నేను ఆ ప్రశ్న అడగడంలో ఎంత ఆరితేరానంటే, ఒకసారి పెద్దసారు చాయ్ తాగుతూ “చక్కెర తక్కువైంది” అంటే అలవాటు కొద్దీ అడిగేశాను. ఆయన కప్పు నా చేతిలో పెట్టాడు.

ఖాళీ సమయం నన్ను తినేస్తుంటే పంజాగుట్టలో ఒక చిన్న పని దొరికింది. జిరాక్స్ షాపు పైన మొదటి అంతస్తులో ఒకే గది. చేత్తో గ్రీటింగ్ కార్డులు తయారుచేసే షాపు. దాన్ని నడిపేది నలభై అయిదేళ్ళ ఆవిడ. ఉర్దూలో అక్క అన్నట్టు అందరూ ఆపా అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆఫీసుల్లో ఉద్యోగం మానేసి వెళ్ళేవాళ్ళ కోసం తోటివాళ్ళు కొనే కార్డులు, పుట్టినరోజు కార్డులు, మైత్రీవనం కుర్రాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి ఒకే అమ్మాయికి చేయించుకునే కార్డులు, అన్నీ అక్కడే పుట్టేవి. (ఆ చివరి రకం విషయంలో ఆపా నోరు మెదిపేది కాదు. డిజైన్లు మాత్రం వేరువేరుగా చేసేది.) చేత్తో తిప్పే ఒక చిన్న యంత్రం ఉండేది. ఉక్కు అంచులున్న ఆకు ఆకారమో పక్షి ఆకారమో కాగితం మీద పెట్టి, రెండు పలకల మధ్య ఇరికించి, హ్యాండిల్ తిప్పితే అవతలి వైపు నుంచి కత్తిరించిన పక్షి బయటికి వచ్చేది. ఆ అచ్చును డై అంటారు. యంత్రాన్ని మాత్రం ఆపా ‘చెరుకు మిషన్’ అనేది. తిప్పే తీరు అచ్చం చెరుకురసం బండిలాగే ఉండేది మరి.

షాపుకు పేరు తెచ్చింది మాత్రం బంగారు అక్షరాల పని. రబ్బరు అచ్చును జిగట సిరాలో ముంచి కార్డు మీద అద్దాలి. ఆ తడి మీద సన్నటి బంగారు పొడి చల్లి, మిగిలిన పొడి దులిపి, హీట్ గన్‌తో వేడి గాలి పట్టాలి. పొడి కరిగి, అక్షరాలు ఉబ్బెత్తుగా, బంగారంతో పోతపోసినట్టు మెరిసేవి. ఇంతవరకు అంతా విజ్ఞానశాస్త్రమే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా దానికి ముందు ఆపా చేసే పని మీద. నిమ్మకాయంత ఆకుపచ్చ గుడ్డ మూట ఒకటి ఆమె దగ్గరుండేది, దాన్ని పొట్లి అనేది. అచ్చు అద్దే ముందు ప్రతి కార్డునూ ఆ పొట్లితో మూడుసార్లు తట్టేది. తట్టినప్పుడల్లా పెదవులు కదిలేవి. “బిస్మిల్లా” అన్న మాట నాకు స్పష్టంగా వినబడేది. పొట్లిలోంచి తెల్లటి దుమ్ము లేచేది, ఏదో సువాసన వచ్చేది. పచ్చగుడ్డ, తెల్లటి దుమ్ము, సువాసన, మూడుసార్లు, పెదవుల కదలిక! ఏ దర్గా నుంచో తెచ్చిన బూడిద అని తేల్చడానికి నాకు అర నిమిషం పట్టింది. దిష్టి తగలకుండా కార్డులకు తాయెత్తు కడుతోందన్నమాట.

ఆమెను అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. ఇప్పుడు నేనూ అదే అంటాను. కానీ అప్పటి నా తర్కం వేరు. మూఢనమ్మకం గురించి నమ్మేవాళ్ళనే అడిగితే ఏం లాభం, వాళ్ళు ఆ నమ్మకమే కదా చెబుతారు? ఆదివారాలు ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా “ఎట్ల తెలుసు?” అని నిలదీసే నేను, రోజుకు అయిదు గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనిషిని నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా “ఇదేంది ఆపా?” అని అడగలేదు. ఆమె తట్టమంటే తట్టేవాణ్ణి, తట్టినప్పుడల్లా లోపల కుతకుత ఉడికేవాణ్ణి. ఆమె చూడనప్పుడు రెండుసార్లే తట్టి, ఒక తిరుగుబాటు జరిపినట్టు తృప్తి పడేవాణ్ణి.

ఇంతలో పెద్దసారు కూతురి పెళ్ళి కుదిరింది. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, తర్వాత ఒక చిన్న హాల్లో భోజనాలు. మంత్రాల్లేవు, ముహూర్తం లేదు, పురోహితుడు లేడు. మా సభ అంతటికీ అది పండగ. కార్డులు ఆపా షాపులోనే చేయించాలని నేను పట్టుబట్టి ఒప్పించాను. ఎనభై కార్డులు. డిజైన్ మీద ఒక ఆదివారమంతా చర్చ నడిచింది. దీపం వద్దన్నారు, పూజగది గుర్తొస్తుందని. కలశం సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. చిలకల జంట పెడదామంటే, “చిలక మన్మథుడి వాహనం, నడవదు” అని పెద్దసారు కొట్టేశాడు. చివరికి ఏ దేవుడికీ సంబంధం లేని పక్షులుగా పిచ్చుకలు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాయి. పెళ్ళి రోజు హాల్లో అయిదు నిమిషాలు మాట్లాడే అవకాశం నాకు ఇస్తానని పెద్దసారు మాటిచ్చాడు. ఆ రాత్రి నుంచీ నాకు నిద్ర లేదు. పైమంచం మీద రెజ్యూమెకూ లేదు.

ఆర్డరిచ్చిన నాలుగో రోజు పెళ్ళికూతురు ఒక్కతే షాపుకు వచ్చింది. బ్యాంకులో పనిచేసేది, మేమంతా అక్క అనేవాళ్ళం. మెట్లెక్కి వచ్చి, స్టూలు మీద కూర్చుని, కాసేపు పిచ్చుకల డైని వేళ్ళతో తడిమింది.

“తమ్మీ, మా ఇంట్ల నడిచేది నీకు తెల్వదు. నానమ్మ బాపుతోని మాట్లాడక పది రోజులాయె. పెండ్లికి రానంటున్నది.”

“మంత్రాలు లేవనా?”

“మంత్రాల గురించి గాదు. సంతకాల పెండ్లికి సుత ఒప్పుకున్నది పాపం. కార్డుకు పసుపు పెట్టొద్దని బాపు అన్నడు. ఇగ అదే పట్టుకున్నది. ‘నాలుగు మూలలకు పసుపు అంటని కార్డు దినాలకు పంచుతరు, పెండ్లికి పంచరు. నా మనుమరాలి పేరు అసుంటి కాగితం మీద నేను చూడ’ అంటున్నది.” అక్క ఆపా వైపు తిరిగింది. “ఆపా, కార్డు ఎంత మంచిగ చేస్తరో మీ ఇష్టం. ఆమె చేతిల పెట్టంగనే మనసు కరగాలె. ఆమె రాకపోతే నేను ఆ హాల్ల కూసోని నవ్వలేను.”

ఆపా ఆమె తల మీద చెయ్యి వేసి, “ఫికర్ నక్కో కర్ బేటా, దిగులు పడకు. నా చేతితోని చేస్త” అంది.

కానీ ఆపా చేతితో చేయడం జరగలేదు. ఆ గురువారం పొద్దున్నే నిజామాబాద్‌లో ఆమె చెల్లెలి కూతురు కాన్పుకు ఆస్పత్రిలో చేరిందని ఫోన్ వచ్చింది. ఆదివారం సభలో కార్డులు పంచాలి. కాగితం ముందే సరిగ్గా ఎనభై కార్డులకు కోసి ఉంది, ఒకటి అటూ ఇటూ లేదు. దూది గుజ్జుతో చేసిన ఆ మీగడ రంగు కాగితం మళ్ళీ కావాలంటే పది రోజులు పడుతుంది. ఆపా బుర్ఖా వేసుకుంటూనే అన్నీ అప్పజెప్పింది. “శనివారం పొద్దుగాల్నే వస్త. జర నిమ్మళంగ చెయ్యి. నీకు తొందరెక్కువ, కుర్చీల ఎప్పుడు చూసినా ఊగుతనే ఉంటవ్. అక్షరాల పని నువ్వు చెయ్యి, పిట్టలు నేనొచ్చి అంటిస్త. గింతే. హా, పొట్లి మర్చిపోకు.”

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయేదాకా ఆగాను. తర్వాత పొట్లిని రెండు వేళ్ళతో ఎత్తి, బల్ల సొరుగులో పెట్టి, తాళం వేశాను. చరిత్రలో గొప్ప సంస్కరణలన్నీ ఇలాగే నిశ్శబ్దంగా మొదలై ఉంటాయని కూడా అనుకున్నాను. హేతువాది కూతురి పెళ్ళి కార్డుకు దర్గా బూడిదా? పెద్దసారు వింటే ఏమంటాడు? పసుపు వద్దన్న ఇంటికి పచ్చ పొట్లి ఎలా సరిపోతుంది? ప్రశ్నలన్నీ గోడను అడిగాను. గోడ ఒప్పుకుంది.

మధ్యాహ్నం రెజ్యూమె మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చాడు. ఇద్దరం తిన్నాం. చేతులు పాత పేపరుకు తుడుచుకుని పని మొదలుపెట్టాను. ఉక్కగా ఉంది. ఫ్యాన్ వేస్తే పొడి ఎగిరిపోతుందని ఆపేశాను. కార్డు రెండు పై మూలలనూ రెండు బొటనవేళ్ళతో బల్లకేసి గట్టిగా అదిమి, గీతకు సరిచేసి, పేర్ల అచ్చు అద్దాను. కార్డు పైభాగం కిందికి వచ్చేట్టు తిప్పి, మిగతా రెండు మూలలూ అలాగే అదిమి, తేదీ అచ్చు అద్దాను. పొడి చల్లాను, దులిపాను. అలా ఇరవై కార్డులు వరసగా పేర్చి, ఒక్కసారిగా హీట్ గన్ పట్టాను. పేర్లు బంగారమై లేచాయి. చూస్తుండగానే ఇంకొకటి కూడా లేచింది. కార్డు నాలుగు మూలల్లో, ఒక్కో మూలకు ఒక్కటి చొప్పున, సన్నటి వంకర గీతలతో, బాదం గింజంత బంగారు మచ్చలు. మధ్యలో అక్కడక్కడా చల్లినట్టు బంగారు చుక్కలు.

“ఏంటి సాక్ష్యం గారూ, డిజైన్ మార్చారా?” అన్నాడు రెజ్యూమె.

ఇక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా ఆగుతాడు. నేను సిద్ధాంతం ఉన్నవాణ్ణి, ఆగలేదు. ఇరవై కార్డులు చాలా చిన్న నమూనా, దాన్నిబట్టి ఏదీ తేల్చకూడదు అన్నాను. పొడి డబ్బాలో లోపం ఉండవచ్చు అన్నాను. సబ్బుతో చేతులు కడుక్కుని తడి చేతులతోనే రెండో వరస మొదలుపెట్టాను. మచ్చలు ఇంకా ముద్దుగా, ఇంకా నిండుగా వచ్చాయి. మూడో వరసకు కాగితం తప్పన్నాను. నాలుగో వరసకు సిరా తప్పన్నాను. “పోనీ ఆపేద్దామండీ, ఆవిడ వచ్చాక చూసుకోవచ్చుగా?” అని రెజ్యూమె బతిమాలాడు. అప్పుడు ఆపితే పొట్లి గెలిచినట్టు కదా! సాయంత్రం అయిదుకు ఎనభై కార్డులూ అయిపోయాయి. బల్ల మీద మూడువందల ఇరవై బంగారు మచ్చలు నన్నే చూస్తున్నాయి. ఒకదాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. సుడులు, వాటి మధ్య అడ్డంగా చిన్న గాటు. చిన్నప్పుడు కొడవలి తగిలి నా కుడి బొటనవేలికి పడిన గాటు అది.

శుక్రవారం నేను క్లాసుకు వెళ్ళలేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల కింద నడిచాను, మళ్ళీ నడిచాను. షాపు తాళం చెవి జేబులో గలగలలాడుతుంటే దొంగలా ఉలిక్కిపడ్డాను. అక్క ఫోన్ చేసింది, ఎత్తలేదు. ‘కార్డులు మంచిగ వచ్చినయా తమ్మీ?’ అని మెసేజ్ పెట్టింది. వచ్చినయి అని కొట్టి చెరిపేశాను, రాలేదు అని కొట్టి చెరిపేశాను. చివరికి ఒక బొటనవేలు బొమ్మ పంపాను. పంపాక గానీ ఏం పంపానో తెలియలేదు.

శనివారం ఆపా వచ్చింది. ఆడపిల్ల పుట్టిందట, మిఠాయి తెచ్చింది. నా మొహం చూసి డబ్బా మూత తెరవకుండానే పక్కన పెట్టింది. కార్డులు ఒక్కొక్కటీ తిప్పింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“పొట్లి యాడుంది?”

సొరుగు తాళం తీశాను. తీస్తూనే ప్రసంగం కూడా తీశాను. బూడిదలకూ బంగారు అక్షరాలకూ కార్యకారణ సంబంధం లేదనీ, ఎవరి నమ్మకం వాళ్ళదే అయినా పని చోట... ఆపా నన్ను ఆపలేదు. పొట్లి ముడి విప్పి నా అరచేతిలో దులిపింది. “వాసన చూడు.”

చూశాను. చంటిపిల్లలకు స్నానం చేయించాక పూసే పౌడర్.

“బూడిద అనుకున్నవా? నాలుగు నెలల సంది?” ఆపా అక్కడున్న చిత్తు కాగితాలు రెండు తీసింది. “ఇటు తే నీ వేలు. నొక్కు.” రెండిటి మీదా నా బొటనవేలు ఒత్తించింది. ఒకదాన్ని పొట్లితో మూడుసార్లు తట్టింది, రెండోదాన్ని వదిలేసింది. రెండిటి మీదా బంగారు పొడి చల్లి, దులిపి, వేడి పట్టింది. తట్టిన కాగితం శుభ్రంగా ఉంది. తట్టని దాని మీద నా వేలు బంగారంలో మెరిసింది. “వేలికి చెమట ఉంటది, నూనె ఉంటది. దానికి పొడి పట్టుకుంటది. పౌడర్ ఆ చెమట తాగుతది. గంతే కథ.”

ఎన్నో ఆదివారాలు ప్రయోగం, పరిశీలన అని గొంతు చించుకున్న నేను, ఒక పద్ధతి ప్రకారం పక్కపక్కన పెట్టి చేసిన ప్రయోగాన్ని కళ్ళారా చూడటం అదే మొదటిసారి. చేసింది ఆపా. “మరి బిస్మిల్లా?” అన్నాను, మునిగేవాడు గడ్డి కోసం చెయ్యి చాచినట్టు.

“బిస్మిల్లా నా దిల్‌కు. పౌడర్ కాగితానికి. నువ్వు రెండింటిని కలిపి సొరుగుల పెట్టినవ్. అడగొచ్చు గద బేటా? నోరు నొస్తదా?”

“నువ్వైనా చెప్పొచ్చు గద?”

“అడగకుండ నేనెందుకు చెప్త? తినేటోడు ఉప్పెందుకేసినవని అడుగుతడా?”

తర్వాత ఆ మనిషి చేసిన పని చూడండి. తిట్టడానికి ఒక్క నిమిషం కూడా ఖర్చు చేయలేదు. బ్లేడుతో ఒక మచ్చ గీకి చూసింది. కాగితం లేచిపోయింది. మూలలు గుండ్రంగా కోద్దామంటే పేర్లదాకా పోతుంది. “మూలలు మన చేతిల లేవు. నడిమి చుక్కలన్న దాద్దాం” అని చెరుకు మిషన్ ముందు కూర్చుంది. పిచ్చుకల జంట మాత్రమే ఉండాల్సిన కార్డు మీద ఆకులు, చిన్న కొమ్మలు, ఎగిరే పిచ్చుకలు, గింజలు ఏరే పిచ్చుకలు చేరాయి. నేను హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను, ఆమె అంటిస్తూనే ఉంది. సాయంత్రానికి నడిమి చుక్కలన్నీ ఆకుల కింద మాయమయ్యాయి. మూలల్లో నా వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే కార్డుల పెట్టె పట్టుకుని పెద్దసారు ఇంటికి వెళ్ళాను. హాల్లో పెద్దసారు, అక్క ఉన్నారు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనక నానమ్మ ఉందని దగ్గు వల్ల తెలుస్తోంది. పెద్దసారు కార్డు తీశాడు, పిచ్చుకల్ని చూసి మురిశాడు. అంతలోనే మొహం మారింది.

“ఇదేంది మూలలకు? పసుపా?”

ఆ మాట వినబడగానే లోపలి తలుపు తెరుచుకుంది. నానమ్మ వచ్చి, కొడుకు వైపు చూడకుండానే అతని చేతిలో కార్డు లాక్కుంది. కళ్ళజోడు సరిచేసుకుంది. మూల మీద వేలు పెట్టి తడిమింది. నాలుగు మూలలూ తడిమింది. “పసుపే” అంది. “బంగారి పసుపు. నాలుగు దిక్కుల పెట్టిండ్రు నా బిడ్డకు. ఎవరు పెట్టిండ్రు?”

“ఆ షాపామె పెట్టి ఉంటది” అన్నాడు పెద్దసారు, నా మీద మండిపడుతూ. “మనం వద్దని చెప్పినా సొంత తెలివి చూపించింది. నడవదు. అన్నీ వాపస్ ఇయ్యి. ఇగ ఆ షాపు మెట్లు ఎక్కొద్దు మనం.”

అక్క నన్నే చూస్తోంది. ఆ చూపు అర్థం చేసుకోవడానికి చదువు అక్కర్లేదు. ‘మాట్లాడకు తమ్మీ. నానమ్మ వస్తది.’ మాట్లాడకుంటే నానమ్మ వస్తుంది, తప్పు ఆపా మీద పడుతుంది. మాట్లాడితే ఆపా నింద నుంచి బయటపడుతుంది, నానమ్మ మళ్ళీ తలుపు వేసుకుంటుంది. నా కాళ్ళు రెండూ ఊగుతున్నాయి, నిలబడి ఉన్నా సరే.

“అది పసుపు కాదు సార్” అన్నాను. “నా వేలు.”

అక్క కళ్ళు మూసుకుంది. నేను మొత్తం చెప్పేశాను. పొట్లి, సొరుగు, మిర్చి బజ్జీ, చెమట, ఆపా ప్రయోగం, అన్నీ. ఆపా తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాను. పెద్దసారు చాలా మెల్లగా అడిగాడు. “నాలుగు నెలల్ల ఒక్కసారన్న ‘ఎట్ల తెలుసు’ అని ఆమెను అడిగినవా?”

తల అడ్డంగా ఊపాను.

నానమ్మ నా ముందుకు వచ్చింది. “చెయ్యి ఇటు తే.” ఇచ్చాను. నా బొటనవేలును కిటికీ వైపు తిప్పి, దాని పక్కన కార్డు పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. గాటు చూసింది. మళ్ళీ కార్డు చూసింది. ఆ ఇంట్లో ఆ పూట రుజువు అడిగి, తీసుకుని, పరిశీలించింది ఆమె ఒక్కతే.

“వీనిదే” అంది. “అన్ని కార్డులకు పెట్టినవా?”

“ఎనభైకి.”

“ఒక్కటి సుత ఇడువలేదా?”

“లేదు నానమ్మా.”

నానమ్మ కొడుకు వైపు తిరిగింది. అన్ని రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. “నువ్వు పెట్టొద్దంటివి. వీడు పెట్టొద్దనుకున్నడు. అయినా పడ్డది చూడు నాలుగు మూలలకు! పసుపు కాకపోతే కాకపాయె. ఒక మనిషి చెయ్యన్న తాకింది గద నా బిడ్డ పేరుకు. నేనొస్త పెండ్లికి. ఈ పోరడు సుత నా పక్కన కూసోవాలె.”

“అమ్మా, అది మహిమ కాదే, చెమట...” అని పెద్దసారు మొదలుపెట్టాడు.

“చెమటనే. నేను కాదన్ననా?” అని నానమ్మ కార్డు కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా మొహం కప్పుకుంది.

పెద్దసారు కార్డులు వాపసు చేయలేదు. దానికి బదులు నాకు శిక్ష వేశాడు. సభలో ఒక్కో కార్డు ఇచ్చేటప్పుడు పక్కన నేనే నిలబడి, అది పసుపు కాదని వివరించాలి. ఆ సాయంత్రం బడి గది గుమ్మంలో నిలబడి “పసుపు కాదండీ, నా బొటనవేలు” అని డెబ్బై తొమ్మిది సార్లు చెప్పాను. సగం మంది నమ్మలేదు. ఒకాయన “ఎట్ల తెలుసు?” అన్నాడు. వేలు చూపించాను. పెళ్ళి రోజు నా అయిదు నిమిషాల ప్రసంగం కూడా పోయింది. (“నువ్వు ఇప్పటికే డెబ్బై తొమ్మిది సార్లు మాట్లాడినవు” అన్నాడు పెద్దసారు.) ఆ సమయంలో నేను మొదటి వరసలో నానమ్మకూ ఆపాకూ మధ్య కూర్చుని ఉన్నాను. నానమ్మ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ నా చెయ్యి ఎత్తి చూపిస్తోంది. ఆపా బుర్ఖా అంచు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సంతకాలు ముగించుకుని వచ్చి ఎదురుగా కూర్చున్న అక్క తలెత్తి, మా ముగ్గుర్నీ చూసి నవ్వింది.

పసుపుకూ శుభానికీ సంబంధం ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. దీని మీద చాలా వ్యాసాలు రాశాను, ఇంకా రాస్తాను. నానమ్మ కొంగులో పెట్టుకున్న ఆ కార్డును అక్క తర్వాత నాకే ఇచ్చింది, నా రాతబల్ల సొరుగులో ఉంటుంది. ఒక్కోసారి వ్యాసం మధ్యలో ఒక వాక్యం రాసి, ‘బహుశా’ చేర్చి, కొట్టేసి, మళ్ళీ చేర్చి, కుర్చీలో కాలు ఊపుతూ కూర్చున్నప్పుడు దాన్ని బయటికి తీస్తాను. పిచ్చుకల రెక్కలు ఊడుతున్నాయి. పేర్ల బంగారం మాసింది. మూలల్లో ఆ ఇరవై నాలుగేళ్ళవాడి వేళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత గట్టిగా ఒత్తాడు వాడు! ఒక్క మూల తడబడలేదు, ఒక్క గీత చెదరలేదు. అంత తప్పు పనిని అంత నమ్మకంగా! నా వేలు దాని మీద పెట్టి చూసుకుంటాను. గాటుతో సహా సరిగ్గా సరిపోతుంది. కానీ అంత గట్టిగా ఒత్తడం ఇప్పుడు నాకు రాదు.